నంబరు చెరిగిన బెల్టు

మనిషికి జాతకం ఉన్నట్టే మరకీ ఒక జాతకం ఉంటుంది. మన జాతకం కాయితం మీద రాయించి, నాలుగు మూలలా పసుపు పెట్టి, పెట్టె అడుగున దాస్తారు. మర జాతకం దాని ఒంటి మీదే ఉంటుంది. బెల్టు వీపు మీద ఒక అక్షరం, రెండంకెలు. బేరింగు అంచున నాలుగంకెలు. మోటారు నడుముకి కొట్టిన ఒక రేకు ముక్క. అవి ఉన్నన్నాళ్ళూ వాటివంక ఎవరూ కన్నెత్తి చూడరు. చెరిగిపోయాక ఇల్లంతా గాలిస్తారు. పెళ్ళివారు గుమ్మంలో కూచున్నాక జాతకం కోసం అటక ఎక్కినట్టన్నమాట.

ఈ వారం ఆ చెరిగిపోయే నంబర్ల సంగతి ముచ్చటిద్దామని కూచున్నాను. 'మాకెందుకయ్యా బెల్టులూ బేరింగులూ? మేమేమన్నా మిల్లులు నడుపుతున్నామా?' అని అమ్మలు గబుక్కున పేజీ తిప్పేయకండి. మీ ఇంట్లో కుట్టుమిషను ఉందా? పిండి రుబ్బే గ్రైండరు ఉందా? పెద్దపండక్కి అరిసెలు వండుతారా? అయితే ఈ గొడవ మీదీ.

మా రామచంద్రపురం వరిచేల నడుమ ఉన్న ఊరు. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయి, గోదావరి నీళ్ళు కాలవల వెంట పారడం మొదలెట్టాక ఈ సీమ వరిసీమ అయింది. ధాన్యం పండితే చాలదు గదా, బియ్యం కావాలి. రోకళ్ళు అలిసిపోయిన చోటికి మరలు వచ్చాయి. 1880లలో బ్రెజిలు దేశంలో ఎంగెల్‌బర్గ్ అనే ఆయన పొట్టు తీసేందుకు కనిపెట్టిన హల్లరు సముద్రాలు దాటి మన పల్లెలకీ చేరింది. మిల్లు వచ్చిన చోటికి దాని వెనకే మేస్త్రీ వచ్చాడు, లేతు వచ్చింది, ఇనప సామాన్ల కొట్టు వచ్చింది. వరి ఒక్కదాన్ని నమ్ముకుని ఇన్ని కుటుంబాలు బతుకుతున్నాయి.

నా చిన్నతనంలో మిల్లులోకి తొంగిచూస్తే ముందు కంటపడేవి బెల్టులే. మూల ఒక ఇంజను. దాని నుంచి పైకప్పు దగ్గర గోడ పొడుగునా సాగే షాఫ్టుకి ఒక పెద్ద బెల్టు. ఆ షాఫ్టు మీద వరసగా పుల్లీలు. ఒక్కొక్క పుల్లీ నుంచి ఒక్కొక్క మరకి చదును బెల్టు. ఒక్క ఇంజను తిరిగితే ఇంట్లో యజమాని లేచినట్టు అన్నీ కదిలేవి. అతుకు వేసిన చోటు పుల్లీ మీదికి వచ్చినప్పుడల్లా 'టప్' మని చప్పుడు. దూరాన వీధిలో నడిచే మేస్త్రి ఆ చప్పుడు విని, 'ఎడంపక్క బెల్టు అతుకు వదులవుతోందిరోయ్' అనేవాడు.

ఆ చదును బెల్టులకి నంబర్లతో అంతగా పనిలేదు. తోలుదో, గుడ్డదో, రబ్బరు పట్టించిన కాన్వాసుదో, చుట్టగా చుట్టి కొట్లో ఉండేది. కావలసినంత కోయించుకోవడం, రెండు కొసలకీ బెజ్జాలు పొడవడం, తోలుదారంతో కుట్టడమో ఇనప క్లిప్పులు కొట్టడమో చేయడం. సాగితే రెండంగుళాలు కోసి మళ్ళీ కుట్టేవారు. కత్తి, దబ్బనం, పనివాడి చెయ్యి ఉంటే సరి. బెల్టు జారిపోకుండా పుల్లీ నడుమ కాస్త ఉబ్బుగా ఉంచేవారు. చదును బెల్టుకి ఎత్తు మీదికి పాకే గుణం ఉంది. ఉబ్బు నడుమ ఉంటే బెల్టూ నడుమే ఉంటుంది. తోలు ఎండి బిరుసెక్కితే ఆముదం పట్టించేవారు.

ఆ తర్వాత వి-బెల్టు వచ్చింది. 1917లో అమెరికాలో డెన్వరు నగరంలో గేట్స్ రబ్బరు కంపెనీ జాన్ గేట్స్ దాన్ని తయారుచేశాడంటారు. 1925లో ఆలిస్-చామర్స్ కంపెనీలో వాల్టర్ గైస్ట్ ఒకే పుల్లీ మీద పక్కపక్కన అనేక వి-బెల్టులు నడిపే పద్ధతి తెచ్చాడు. పేరుకి తగ్గట్టే దీని అడ్డకోత 'వి' అక్షరంలా ఉంటుంది. పుల్లీ గాడిలో అడుగుకి ఆనదు, రెండు పక్కలా ఒరుసుకుని బిగుస్తుంది. చెక్కలో మేకులా దిగి పట్టుకుంటుందన్నమాట. అందుకే చిన్న జాగాలో పెద్ద బరువు లాగుతుంది. అతుకు లేదు గనక 'టప్' మని చప్పుడూ లేదు. అన్నీ సుగుణాలే గాని ఒక్క చిక్కుంది. ఇది పుట్టుకతోనే గుండ్రంగా పుడుతుంది. కోసి కుట్టడానికి లేదు. సరిగ్గా ఆ కొలతదే తేవాలి. ఆ కొలత దాని వీపు మీద రాసి ఉంటుంది. ఆ రాత మొదటి ఏడాదే దుమ్ముకీ వేడికీ చెరిగిపోతుంది.

చెరిగిపోతే ఏమవుతుందో మొన్న భోగికి రెండు రోజుల ముందు మా వీధి పిండిమర దగ్గర చూశాను.

పెద్దపండగ ముందు పిండిమర ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? తెల్లారకముందే బేసిన్లు వరసకడతాయి. బేసిన్ల మీద తడిగుడ్డలు, గుడ్డల కింద తడిబియ్యం. రాత్రి నానేసి, పొద్దున్న వంపేసి తెచ్చినవి. ఈ తడిబియ్యానికి ఓపిక బొత్తిగా లేదు. ఆరిపోతే అరిసె విరిగిపోతుంది, అట్టేసేపు ఉంచితే పులుస్తుంది. పాకం పొయ్యిమీద పెట్టేలోపు పిండి ఇల్లు చేరాలి. మా ఆవిడ కూడా ఒక బేసిను నా నెత్తిన పెట్టి, 'పిండి లేకుండా గుమ్మం ఎక్కకండి' అని సాగనంపింది.

ఆ మర నడిపే ఆవిడ భర్త పోయి నాలుగేళ్ళయింది. ఇంటికి ఆధారం ఆ మర ఒక్కటే. ఏడాది పొడుగునా వచ్చేది ఖర్చులకి సరిపోతుంది. పండగ వారం వచ్చే నాలుగు డబ్బులే కుర్రాడి కాలేజీ ఫీజు. అలాంటి వారంలో, తొమ్మిది గంటలకి, మోటారు పుల్లీ మీద ఉన్న మూడు బెల్టుల్లో ఒకటి ఫట్‌మని తెగింది. ఉన్న రెంటితో తిప్పబోతే జారి పొగ వాసన కొట్టింది. ఆపేశారు.

కుర్రాడు చురుకైనవాడే. సెల్‌ఫోనుతో తెగిన బెల్టు ఫోటో తీశాడు. మిగిలిన రెంటిలో ఒకటి విప్పి, దాని వీపు చుట్టూ పురికొస చుట్టి కొలిచాడు. 71 అంగుళాలు. ఊళ్ళో కొట్లో ఆ సైజు లేదు. మోటారు సైకిలెక్కి కాకినాడ పోయి, 'బి' రకం 71 అడిగి, మూడు తెచ్చాడు. పన్నెండు దాటింది. ఎక్కించి చూస్తే ఊయలలా వేళ్ళాడాయి. మోటారుని వెనక్కి జరుపుదామంటే పట్టాల మీద జరిపే జాగా ఎప్పుడో అయిపోయింది. పాత బెల్టులు సాగిన కొద్దీ జరుపుతూ వచ్చారు. బేసిన్ల వరస వీధి మలుపు దాటింది. ఒకావిడ గుడ్డ ఎత్తి బియ్యం వాసన చూసింది. ఆ మర ఆవిడ ఎవరినీ ఏమీ అనలేక, తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయింది.

అప్పుడు ఎవరో వెళ్ళి లేతు మేస్త్రిగారిని తీసుకొచ్చారు. డెబ్భై దాటిన మనిషి. కళ్ళు అంతంతమాత్రం. వస్తూనే తెగిన బెల్టు అందుకుని, కాలిపర్సుతో ఒకచోట కొలిచారు.

'అడ్డం పదిహేడు మిల్లీమీటర్లు, మందం పదకొండు. బి రకవేఁ. ఎంత తెచ్చావురా అబ్బాయ్?'

'డెబ్భై ఒకటండి, బాబాయ్‌గారూ. తాడెట్టి కొలిస్తే అంతే వచ్చిందండి.'

'తాడు బెల్టు వీపు మీద పెట్టావా, పొట్టమీద పెట్టావా?'

'వీపు మీదేనండి.'

'మరదే! వాడు రాసే నంబరు పొట్ట కొలతరా. బి రకానికి వీపుకీ పొట్టకీ దగ్గర దగ్గర మూడంగుళాలు తేడా. నీకు కావాల్సింది 68.'

అని చెప్పి, అంతటితో ఊరుకోలేదు. 'ముందు ఈ అమ్మల బియ్యం సంగతి చూద్దాం' అంటూ పాత బెల్టులు రెండూ ఎక్కించి, గింజ జారే గేటు సగానికి మూశారు. 'మూడెడ్లు లాగే బరువు రెండెడ్ల మీద పెడితే చతికిలబడతాయి. బరువు తగ్గించండి, నడుస్తాయి' అన్నారు. నడిచాయి. నెమ్మదిగానే గాని, ఆగకుండా. రాత్రి పది దాకా ఆడించి ఆఖరి బేసిను పంపేశారు. కుర్రాడు చీకటి పడేలోపు మళ్ళీ కాకినాడ పోయి మూడు 68లు మార్చి తెచ్చాడు.

'ఒక్కటి తెగితే మూడెందుకండీ?' అని ఆవిడ అడిగారు. డబ్బు ఆవిడది, అడగాల్సిన ప్రశ్నే. మేస్త్రిగారు చెప్పిన జవాబు మీకూ పనికొస్తుంది. పాతవి సాగి ఉంటాయి. వాటి పక్కన కొత్తది వేస్తే, పొట్టిగా బిగువుగా ఉన్న ఆ ఒక్కటే బరువంతా లాగుతుంది, రెండు నెలల్లో చస్తుంది. అందుకని మొత్తం జట్టు మార్చాలి. తీసేసిన పాతవి పారేయకుండా చిలక్కొయ్యకి తగిలించి ఉంచుకోవాలి. ఇవాళ్టిలాంటి రోజు మళ్ళీ వస్తే, కొత్తవి వచ్చేదాకా ఆదుకుంటాయి.

ఇప్పుడు ఆ నంబరు చదవడం ఎలాగో చూద్దాం. వి-బెల్టుల్లో మనకి తరచు తగిలేవి నాలుగు రకాలు. ఎ రకం పై అడ్డం 13 మిల్లీమీటర్లు, మందం 8. బి రకం 17, 11. సి రకం 22, 14. డి రకం 32, 19. అక్షరం తర్వాత ఉండే అంకె లోపలి చుట్టుకొలత, అంగుళాల్లో. మన దేశంలో మెట్రిక్ కొలతలకి 1956లో చట్టం వచ్చినా బెల్టు మాత్రం అంగుళాన్ని వదల్లేదు. తాడు వీపు మీద పెట్టి కొలిచారా, ఎ రకానికి రెండంగుళాలు, బి రకానికి మూడంగుళాలకి కాస్త తక్కువ, సి రకానికి మూడున్నర తీసేయండి. వచ్చింది మీ నంబరు. పురికొస లాగితే సాగుతుంది గనక టేపయితే మేలు. పాత బెల్టు సాగి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. కొలత రెండు నంబర్ల మధ్య పడితే చిన్నదాని వైపు మొగ్గండి. ఇక ఫోటో సంగతి. ఫోటోలో ఏనుగూ ఎలకా ఒకే సైజు. పక్కన స్కేలు పెట్టి తీస్తేనే కొట్టువాడికి దాంతో పని.

ఎక్కించేటప్పుడు గునపం పెట్టి పుల్లీ అంచు మీదుగా బలవంతాన లాగితే లోపలి తాళ్ళు తెగుతాయి. మోటారు బోల్టులు వదులుచేసి ముందుకు జరిపి, బెల్టు వేసి, వెనక్కి లాగి బిగించాలి. ఎంత బిగువు? రెండు పుల్లీల నడుమ మీటరు దూరం ఉంటే, మధ్యలో నొక్కినప్పుడు 16 మిల్లీమీటర్ల దాకా దిగాలి. అంతకన్నా బిగిస్తే బేరింగు ఏడుస్తుంది, వదిలేస్తే బెల్టు ఏడుస్తుంది. ఒకటి రెండు రోజులు నడిచాక మళ్ళీ ఒకసారి బిగించాలి. కొత్తది కొంచెం సాగి తీరుతుంది. అన్నట్టు, తోలు బెల్టు రోజుల అలవాటు కొద్దీ దీనికి నూనె రాయకండి. తోలుకి అది మందు, రబ్బరుకి విషం. జారుతుంటే బిగువు చూడాలి, గాడి అరిగిందేమో చూడాలి. బెల్టు గాడి అడుగుకి ఆని ఉంటే దాని ఆయుష్షు తీరినట్టే.

ఇంకో మాట. దొరికింది కదా అని వేరే సైజు పుల్లీ వేస్తే మర నడక మారిపోతుంది. లెక్క తేలిక. మోటారు తిరుగుళ్ళని మోటారు పుల్లీ అడ్డంతో గుణించి, మర పుల్లీ అడ్డంతో భాగించండి. నిమిషానికి 1440 తిరిగే మోటారుకి 5 అంగుళాల పుల్లీ, మరకి 15 అంగుళాల పుల్లీ ఉంటే, మర 480 తిరుగుతుంది. ఆ 5 పోయి 6 వేశారో, 576 తిరుగుతుంది. పిండి వేడెక్కుతుంది, మోటారు మీద బరువు పెరుగుతుంది. తర్వాత తప్పు రాళ్ళది అంటారు.

బేరింగు జాతకం ఇంకా చక్కనిది. 6205 అని ఉందనుకోండి. చివరి రెండంకెల్ని అయిదుతో గుణించండి. 25. అంటే 25 మిల్లీమీటర్ల షాఫ్టుకి పడుతుంది. 6204 అయితే 20. ఈ లెక్క 04 నుంచి పనిచేస్తుంది. అంతకు తక్కువ వాటికి లెక్క వేరు, 6203కి 17 మిల్లీమీటర్లు. ఈ నంబరు ఏ దేశపు కంపెనీ చేసినా ఒకటే. స్వీడనుదైనా, జపానుదైనా, మన దేశంలో చేసిందైనా, 6205 తీసి 6205 పెట్టొచ్చు. లోకంలో ఇన్ని దేశాలు ఒక్కమాట మీద నిలబడ్డ విషయాలు ఎన్ని ఉన్నాయి చెప్పండి!

కుట్టుమిషను సంగతి ఆడవారికి నాకన్నా తెలుసు. తొక్కుడు మిషను తోలుబెల్టు వదులైతే కొద్దిగా కోసి తీగ కొక్కెం మళ్ళీ బిగిస్తారు. ఇంట్లో వాడే పాతకాలపు నల్ల మిషన్లు చాలా వాటిది సింగరు '15 తరగతి' నమూనా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపానులో చాలా కంపెనీలు అదే నమూనాలో మిషన్లు చేశాయి. అందుకే అమ్మమ్మ మిషనుకి మనవరాలు ఇవాళ కూడా బాబిను కొనగలుగుతోంది. అదే ఏ కంపెనీ తన సొంత కొలతతో ప్రత్యేకంగా చేసిన మిషనైతే, ఆ కంపెనీ పోయిన రోజున మిషనూ పోయినట్టే.

ఇది నేను పెద్ద విషయమనుకుంటున్నాను. విడిసామాను దొరకడమంటే కొట్టు దొరకడం కాదు, కొలత దొరకడం. హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో డన్‌లప్ కంపెనీ 1936లో కార్ఖానా పెట్టింది. ఒకప్పుడు టైరంటే, బెల్టంటే ఆ పేరే. తర్వాత ఆ కార్ఖానా మూతపడింది. అయినా బి-68 మూతపడలేదు. ఇంకో పేరుతో దొరుకుతూనే ఉంది. ఇంగ్లండులో డర్స్లీ అనే చిన్న ఊళ్ళో లిస్టరు కంపెనీ నెమ్మదిగా, నిమిషానికి 600, 650 తిరుగుళ్ళతో నడిచే డీజిలు ఇంజను ఒకటి 1930 ప్రాంతంలో చేసింది. అక్కడ 1987లో మానేశారు. కాని గుజరాతులో రాజ్‌కోటు కార్ఖానాల వాళ్ళు అదే నమూనా పట్టుకుని దశాబ్దాల తరబడి ఇంజన్లూ విడిభాగాలూ పోతపోశారు. కన్నతల్లి పోయినా పెంచినతల్లి దొరికిందన్నమాట.

కొలత ఉంటే వెతుకులాట ఒక క్రమంలో సాగుతుంది. ముందు ఊళ్ళో కొట్టు. లేకపోతే కాకినాడో రాజమండ్రో. అక్కడా లేకపోతే విజయవాడ ఆటోనగరు. ఆ పైన సికిందరాబాదు రాణీగంజ్. బేరింగులకీ బెల్టులకీ పేరుపడ్డ బజారు. కొలత చేతిలో ఉంటే రాణీగంజ్‌కి మీరు పోనక్కర్లేదు, ఫోనులో చెబితే పార్సెలు వస్తుంది. కొలత లేకపోతే రాణీగంజ్ నడిబొడ్డున నిలబడ్డా ఉత్తచేతులే.

బోల్టుల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. పాత ఇంగ్లీషు యంత్రాల బోల్టులు 1841లో విట్‌వర్త్ చెప్పిన కొలతవి. అర అంగుళం బోల్టుకి అంగుళానికి 12 చుట్లు. అమెరికా కొలతదైతే 13. చూపుకి ఒకటే. రెండు మూడు చుట్లు ఎక్కుతుంది కూడా. ఆ తర్వాత బిగుసుకుంటుంది. స్పానరు మీద బలం ఉపయోగిస్తే చుట్లు చితికి, రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. చేత్తో తిరగని నట్టుని బలంతో తిప్పకూడదని మేస్త్రిగారి శాసనం.

మరి నంబరే లేని సామాను విరిగితే? పాత మరలకి ఉండే పోత ఇనప బ్రాకెట్లు, పళ్ళచక్రాలు ఏ కొట్లోనూ దొరకవు. వాటికి కొయ్యతో నమూనా చేసి, ఇసకలో మూస తీసి, పోత పోయించాలి. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు. అందుకని నమూనా అంత మేరకి పెద్దది చేస్తారు. తర్వాత లేతు మీద చెక్కే చోట ఇంకొంత కండ ఉంచుతారు. పళ్ళచక్రమైతే పళ్ళు లెక్కపెట్టి, బయటి అడ్డం మిల్లీమీటర్లలో కొలిచి, పళ్ళకి రెండు కలిపి, ఆ మొత్తంతో అడ్డాన్ని భాగిస్తే పంటి సైజు తెలుస్తుంది. నిటారు పళ్ళ చక్రానికి ఈ లెక్క సరిపోతుంది. చక్రం ముక్కలైపోయినా ముక్కలన్నీ ఏరి ఉంచండి. పనివాడికి ఆ ముక్కలే పుస్తకం.

సామాను కరువంటే ఎలా ఉంటుందో మా ఊరి పెద్దలకి బాగా తెలుసు. ఒకసారి ఏకంగా రైలుదారే విడిసామానైపోయింది. కాకినాడ నుంచి మా ఊరి మీదుగా కోటిపల్లికి 1928లో రైలు వేశారు. 1940లో యుద్ధావసరాలకని ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. ఇంకెక్కడో దారికి కావలసిన ఇనుము మా దారిలోంచి తీశారు. 1942లో మలయా, సింగపూరు జపాను చేతికి పోయాక ప్రపంచపు రబ్బరులో చాలా భాగం చిక్కిపోయింది, బెల్టుకీ టైరుకీ కరువొచ్చింది. యుద్ధం 1945లో ముగిసింది. మా రైలు మాత్రం 2004 దాకా తిరిగి రాలేదు. అరవై నాలుగేళ్ళు! విప్పి తీసుకెళ్ళిన సామాను మళ్ళీ వచ్చి బిగించడానికి ఎంతకాలం పడుతుందో దీన్నిబట్టి చూసుకోండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. బెల్టు మార్చడానికి ముందు దాని మీది ఇనప జాలీ విప్పుతారు. మార్చాక చాలాచోట్ల తిరిగి బిగించరు. 'మళ్ళీ విప్పాలి గదండీ, ఉంచుదాం' అంటారు. ఆ జాలీ దుమ్ముకోసం కాదు. పైటచెంగుకోసం, జడకోసం, తువ్వాలుకోసం, పక్కన ఆడుకునే పిల్లవాడి వేళ్ళకోసం. తిరిగే బెల్టు గుడ్డ అంచు పట్టుకుందంటే మోటారు ఆపేలోపు మనిషిని లాగేస్తుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఇలాంటి వాటికి కంచె వేయాలని రాశారు; నడుస్తున్న బెల్టుల దగ్గర శుభ్రం చేయడానికీ నూనె వేయడానికీ ఆడవాళ్ళనీ పిల్లల్నీ పెట్టకూడదనీ రాశారు. వీధి పిండిమరకి ఏ తనిఖీ అధికారీ రాడు. బేసిను పట్టుకుని నిలబడే మనమే తనిఖీ అధికారులం. జాలీ లేకపోతే, 'అమ్మా, అది బిగించాక ఆడించండి, కాసేపు ఆగుతాం' అనండి. పండగపూట అరిసెలు గంట ఆలస్యమైతే కొంప మునగదు.

ఆ మర ఆవిడ ఇప్పుడొక మంచి పని చేశారు. గోడ మీద రంగుతో పెద్ద అక్షరాలతో రాయించారు: బెల్టు బి-68, మూడు; మోటారు పుల్లీ ఇంత, మర పుల్లీ ఇంత; ముందు బేరింగు నంబరు, వెనక బేరింగు నంబరు; మార్చిన తేదీ. కొత్త జట్టు ఒకటి అదనంగా కొని, మడతపెట్టకుండా, ఎండ తగలని చోట పెట్టారు. ఆ రాయించిన కుర్రాడే ఇప్పుడు సెలవు రోజుల్లో మేస్త్రిగారి లేతు దగ్గర కూచుని కాలిపర్సు పట్టడం నేర్చుకుంటున్నాడట. నాకు నంబర్లకన్నా ఇది ఎక్కువ సంతోషం కలిగించింది. గోడ మీది రంగు కూడా ఎప్పటికో ఒకప్పటికి వెలుస్తుంది. వెలిసిపోయినప్పుడు మళ్ళీ కొలిచి రాసేవాడొకడు వీధిలో ఉండాలి గదా.

మీరూ ఈ ఆదివారం ఓ అరగంట వెచ్చించండి. కరెంటు ఆపి, ఇంట్లో మిషను, గ్రైండరు, నీళ్ళ మోటారు, అన్నిటి నంబర్లూ ఒక పుస్తకంలో ఎక్కించండి. పంచాంగం వెనక మాత్రం రాయకండి. ఉగాదికి అది మారిపోతుంది.